ఏ పనీ లేని ప్రయాణం

ఈ నాలుగు మాటలూ మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాం. ఒకరు చెబుతుంటే ఒకరు రాస్తున్నారు. నచ్చని చోట కొట్టివేతలు కూడా జరుగుతున్నాయి. ఇందులో కొన్ని తప్పులు మాలో ఒకరివి, కొన్ని రెండో వారివి. ఎవరిది ఏదో వేలెత్తి చూపకూడదని ముందే మాట అనుకున్నాం గనుక అంతటా ‘మేము’ అనే రాస్తాం. అయినా మీకు తెలిసిపోతే అది మా తప్పు కాదు.

మాది నల్లగొండ జిల్లా నకిరేకల్. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. మాలో ఒకరిది బడిపంతులు ఉద్యోగం, ఒకరిది ఇంటి వద్ద కుట్టుపని. ఇవి గాక ఊరికి దగ్గరలో మూడెకరాల నిమ్మతోట ఉంది. మా ప్రాంతంలో నిమ్మ, బత్తాయి బాగా పెడతారు. నకిరేకల్‌లో నిమ్మకాయలకు మార్కెట్ కూడా ఉంది. కాయకు కొదవ లేదు, కొదవంతా నీటికే.

మా పెళ్ళి 2000 ఫిబ్రవరిలో అయింది. 2025 ఫిబ్రవరికి 25 ఏండ్లు నిండాయి. ఇన్నేండ్లలో మేము కలసి ప్రయాణాలు చేయలేదని కాదు. పెళ్ళిళ్ళకు పోయాం, చావులకు పోయాం. హైదరాబాదు ఆసుపత్రుల్లో వరండాల మీద పడుకున్నాం. పిల్లల కాలేజీ సీట్ల కోసం తిరిగాం. ఒకసారి కూర్చుని లెక్క వేసుకుంటే, ఏ పనీ లేకుండా ఒక్క ఊరికైనా పోయింది లేదు. చేతిలో ఒక ఫైలో, కట్నాల చీరల సంచో, మందుల చీటీయో లేకుండా మేమిద్దరం బస్సు ఎక్కనే లేదు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి జనవరిలో ఫోను చేసి, “మీ ఇద్దరికి విశాఖపట్నం టికెట్లు తీసిన. సముద్రం చూసి రాండ్రి” అన్నది. మాలో ఒకరు, “తోటకు నీళ్ళు ఎవరు పెడతరు?” అన్నారు. రెండో వారు, “అక్కడ మనకు ఎవరున్నరని? పెండ్లికో చావుకో పోతం గని ఊరికే ఎందుకు పోతం?” అన్నారు. ఇద్దరి మాటలూ విని అమ్మాయి కొంతసేపు ఊరుకుంది. తరువాత మెల్లగా, “ఇంట్ల మీరిద్దరు మాట్లాడుకోరు గదా. అక్కడనన్న మాట్లాడుకోండ్రి” అన్నది.

ఆ మాటకు మా వద్ద జవాబు లేదు. పిల్లలకు తెలియదనుకున్నది పిల్లలకే ముందు తెలుస్తుంది.

ఫిబ్రవరి రెండో శనివారం బడికి సెలవు. ముందు రోజు శుక్రవారం సాయంత్రం నకిరేకల్ నుంచి బస్సులో నల్లగొండ చేరి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మిర్యాలగూడ దాటేసరికి ఇంటి నుంచి తెచ్చుకున్న చపాతీలు, కోడిగుడ్డు కూర అయిపోయాయి. గుంటూరు, విజయవాడ నిద్రలోనే వెళ్ళిపోయాయి. అర్ధరాత్రి దాటాక రాజమండ్రి వద్ద గోదావరి వంతెన చప్పుడుకు ఇద్దరికీ మెలకువ వచ్చింది. చీకట్లో నీళ్ళు సరిగా కనబడలేదు గాని, వంతెన చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. “ఇంత వెడల్పా!” అన్నది మాలో ఒకరు. మూసీ ఇసుక చూస్తూ పెరిగిన కండ్లకు గోదావరి అంటే నమ్మకం కుదరదు.

తెల్లవారి విశాఖలో దిగి, స్టేషనుకు దగ్గరగా ఒక చిన్న లాడ్జిలో సామాను పెట్టి, స్నానాలు చేసి ఆటోలో రామకృష్ణా బీచికి పోయాం. అక్కడ రామకృష్ణ మిషన్ వారి ఆశ్రమం ఉండడం వల్ల ఆ పేరు వచ్చిందట. ఆటో మలుపు తిరగగానే రోడ్డు చివర నీళ్ళు నిలువునా గోడలాగ లేచి కనబడ్డాయి. యాభై ఏండ్లకు దగ్గర పడుతున్న మనుషులం, చెప్పులు చేత పట్టుకుని పిల్లల్లాగ పరుగెత్తాం. కాసేపటికి మాలో ఒకరు అన్న మాట ఇది: “ఇన్ని నీళ్ళుండి ఏం లాభం? మన నిమ్మచెట్టుకు ఒక్క చెంబు పోయనీకి పనికి రావు!” ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట మాకు తరువాత మళ్ళీ గుర్తుకు వచ్చింది.

విశాఖ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఊరికి దక్షిణంగా సముద్రంలోకి ఒక కొండ ముక్కులాగ పొడుచుకుని ఉంటుంది. దానిని డాల్ఫిన్స్ నోస్ అంటారు. దాని చాటున 1933లో ఓడరేవు తెరిచారు. ఉత్తరాన కైలాసగిరి మీదికి ఎక్కితే వంపు తిరిగిన తీరమంతా ఒక్క చూపులో కనబడుతుంది. ఆ ఊరు దెబ్బలు తినకుండా ఇంత అందంగా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఆ ఊరి మీదనే పడింది. మమ్మల్ని కైలాసగిరికి తీసుకుపోయిన ఆటో అబ్బాయి, “ఆ రోజు మా ఇంటి రేకులు ఎక్కడికి పోయాయో ఈ రోజుకీ దొరకలేదండి. కొండల మీద ఒక్క పచ్చని ఆకు మిగల్లేదు. ఇప్పుడు చూడండి!” అని సొంత తోట చూపించినట్టు చూపించాడు.

మధ్యాహ్నం బీచి రోడ్డులో కురుసుర అనే జలాంతర్గామిని చూశాం. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరి, 31 ఏండ్లు పనిచేసి 2001లో విరమించింది. 2002లో దానిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా తెరిచారు. 91 మీటర్ల పొడవైన ఇనుప గొట్టం అది. ఒక గది నుంచి ఇంకొక గదికి పోవాలంటే గుండ్రని చిన్న ద్వారంలో నుంచి నడుము వంచి, కాలు ఎత్తి దాటాలి. అందులో 70 మందికి పైగా మనుషులు వారాల తరబడి ఉండేవారట. పడకలు ఒకదాని మీద ఒకటి, పక్కకు తిరిగితే మోచేయి తగులుతుంది.

నౌకాదళంలో పనిచేసి విరమించిన ఒకాయన మాకు అన్నీ విడమరచి చెప్పాడు. “చుట్టూ సముద్రమే. కానీ లోపల మంచినీళ్ళు కొలత ప్రకారమే. స్నానం మాట మరిచిపోవాలి” అన్నాడు. మా ఇద్దరికీ పొద్దున అనుకున్న చెంబు మాట గుర్తుకు వచ్చింది. మాలో ఒకరు, “ఇంత ఇరుకులో మనుషులకు తగాదాలు రావా సార్?” అని అడిగారు. ఆయన నవ్వి, “వస్తాయమ్మా. కానీ ఏ గదిలో నీరు కారినా ఆ క్షణమే చెప్పాలి. తిడతారని దాచిపెడితే అందరం పోతాం” అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చూసుకోకపోవడమే ఎక్కువ మాటలు చెప్పింది.

సాయంత్రం మళ్ళీ ఇసుకలో కూర్చున్నాం. అక్కడ మురీ మిక్చరు అమ్ముతారు. మరమరాలలో ఉల్లిపాయ, టమాటా, పల్లీలు కలిపి, పైన నిమ్మకాయ పిండి, కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. ఆ అబ్బాయి కాయ పిండుతుంటే మాలో ఒకరు ఉండబట్టలేక, “కాయ ఎంతకు కొంటున్నవు బాబూ?” అని అడిగారు. “తోటను నకిరేకల్‌ల విడిచి రమ్మన్న గదా!” అన్నారు రెండో వారు. నవ్వుతూ పొట్లాలు తీసుకుని కూర్చున్నాం. ఆ మాట మీద తోట మాట వచ్చింది. తోట మీద బోర్ల మాట వచ్చింది. అది మా ఇంట్లో ఎనిమిదేండ్లుగా రాని మాట.

సంగతి ఏమంటే, 2016 వేసవి మా ప్రాంతాన్ని ఎండగట్టింది. తోటలో ఉన్న రెండు బోర్లూ ఆగిపోయాయి. చెట్లు కండ్ల ముందే ముడుచుకుపోతుంటే మూడో బోరు వేయించాం. 600 అడుగులు పోయినా దుమ్మే లేచింది, తడి మట్టి కూడా రాలేదు. ఆ బోరుకు డబ్బు ఎక్కడిది? బీరువాలో నాలుగు తులాల గాజులు ఉండేవి, ఒకరికి తల్లి పెట్టినవి. రెండో వారు వాటిని చెప్పకుండా తీసి తాకట్టు పెట్టారు. పంట రాలేదు, వడ్డీ కట్టలేదు, గాజులు వేలంలో పోయాయి. మరుసటి సంవత్సరం చుట్టాల పెండ్లికి పెట్టుకుందామని బీరువా తెరిస్తే ఖాళీ డబ్బా కనబడింది.

ఆ రోజు మా ఇంట్లో అరుపులు లేవు. అరుపులుంటే బాగుండేదేమో. ఆనాటి నుంచి మా మాటలన్నీ పని మాటలే అయ్యాయి. “ఫీజు కట్టినవా?” “కట్టిన.” “ఉప్పు సరిపోయిందా?” “సరిపోయింది.” ఊరిలో అందరూ మమ్మల్ని తగాదాలు లేని సంసారం అనేవారు.

ఆ సాయంత్రం ఇసుకలో, చాలాసేపు ఊరుకున్న తరువాత, ఒకరు అన్నారు: “నేను చేసింది దొంగతనమే. నీ తల్లి పెట్టిన సొమ్ము. అడిగితే వద్దంటవని అడగలే. తప్పయింది.”

రెండో వారు వెంటనే జవాబు చెప్పలేదు. రెండు మూడు అలలు వచ్చి పోయాయి. “అడిగితే నేనే తీసి ఇద్దును. గాజులు పోయినందుకు గాదు, అడగనందుకే నాకు బాధ” అన్నారు.

దానితో అయిపోలేదు. “నేను గూడ ఒకటి దాచిన” అన్నారు మళ్ళీ. కుట్టుపని డబ్బుతో ఏండ్ల తరబడి చిట్టీ కట్టి, ఎత్తి, వేరే ఖాతాలో దాచింది 1,80,000 రూపాయలు. “నీకు తెలిస్తే నాలుగో బోరు వేస్తవని చెప్పలే. అమ్మాయి ఫీజుకు నువ్వు చేబదులు కోసం తిరుగుతుంటే చూసుకుంట ఊరుకున్న.” ఆ మాట చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

ఒకరు బంగారం దాచిన చోటు నుంచి తీశారు, ఒకరు డబ్బు తీసి దాచారు. ఇద్దరం చేసింది ఒక్కటే: అడగలేదు, చెప్పలేదు. చీకటి పడే వరకు అక్కడే ఉన్నాం. మిక్చరు పొట్లాలు మెత్తబడిపోయాయి.

అన్నీ ఒక్క రాత్రిలో చక్కబడ్డాయని రాస్తే అబద్ధం రాసినట్టు. ఆదివారం పొద్దున ఆటో కిరాయి దగ్గరనే మళ్ళీ మాటా మాటా అనుకున్నాం. కానీ పైకి అనుకున్నాం, మింగలేదు. ఆ తేడా ఇద్దరికీ తెలిసింది.

ఆ ఉదయం ముందుగా చేపల రేవుకు పోయాం. పడవలు వచ్చి ఆగుతుంటే గంపల కొద్దీ వంజరం, చందువ, రొయ్యలు దిగుతాయి. ఆడవాళ్ళు నిలబడి పాటలు పాడుతున్నారు. పాటలు అంటే వేలం పాటలు. మా నిమ్మ మార్కెట్టే కాస్త తడిగా ఉన్నట్టు అనిపించింది. అక్కడి నుంచి పాతఊరి వైపు రాస్ కొండ ఎక్కాం. 1864లో రాస్ అనే ఆయన అక్కడ ఇల్లు కట్టుకున్నాడట. ఆ ఇల్లే తరువాత మరియమాత గుడి అయింది. పక్క కొండ మీద దర్గా, ఇంకొక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. మూడింటికీ కింద ఒకటే ఓడల దారి. ఆ కొండ మీద ఒక కాలేజీ అమ్మాయిని అడిగి ఫొటో తీయించుకున్నాం.

ఆ ఫొటో గురించి ఒక మాట. మా జిల్లా నీటిలోని ఫ్లోరైడు సంగతి మీకు తెలిసిందే. చిన్ననాడు తాగిన ఆ నీళ్ళు మాలో ఒకరి పళ్ళ మీద గోధుమ రంగు చారలు విడిచాయి. అందుకని పెళ్ళి ఫొటో మొదలుకొని ఏ ఫొటోలోనూ పెదవులు విప్పింది లేదు. ఈ ఫొటోలో మాత్రం నోరారా నవ్వు ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయారట!

సాయంత్రం బండెక్కి, సోమవారం తెల్లవారేసరికి నల్లగొండలో దిగాం. రైలు, లాడ్జి, తిండి, ఆటోలు అన్నీ కలిపి 6,000 రూపాయలు దాటలేదు. ఇంటికి వచ్చాక మొదట చేసిన పని, రెండు ఖాతాలను ఇద్దరి పేర్ల మీద ఒకే ఖాతాగా చేయడం. నాలుగో బోరు వేయకూడదని, ఉన్న నీటితో రెండెకరాలు మాత్రం డ్రిప్పు మీద కాపాడుకోవాలని ఇద్దరం కలసి నిర్ణయించుకున్నాం. గాజుల సంగతి ఇంకా తేలలేదు. “ఇప్పుడు చేతులకు గాజులెందుకు, మోకాళ్ళకు మందులు కావాలె” అంటున్నారు ఒకరు. రెండో వారు మాత్రం నెలనెలా కొంత పక్కకు పెడుతున్నారు, ఈసారి చెప్పే.

నిమ్మ పెట్టినవారికి తెలుసు: పూత కోసం చెట్టును కొన్నాళ్ళు బెట్టకు వదులుతాం. నీళ్ళు ఆపి, మళ్ళీ పెడితే చెట్టు విరగబూస్తుంది. కానీ ఆ రోజులు లెక్క ప్రకారం ఉండాలి. బెట్ట ఎక్కువైతే పూత రాదు, చెట్టే పోతుంది. మేము ఎనిమిదేండ్లు బెట్టకు వదిలిన చెట్టు ఇంకా పచ్చిగా ఉండడం మా గొప్పతనం కాదు, దేవుని దయ.

కాబట్టి మా వంటి దంపతులకు మేము చెప్పేది కొద్దిగానే. ఏడాదికి ఒక్కసారి, రెండు రోజులైనా, ఏ పనీ పెట్టుకోకుండా తెలియని ఊరికి పోయి రండి. విశాఖే కానక్కరలేదు. చుట్టాల ఇంట దిగకండి, దిగితే మళ్ళీ పనే అవుతుంది. తెలియని ఊరిలో దారి అడగడానికైనా ఒకరితో ఒకరు మాట్లాడక తప్పదు. అక్కడి నుంచి మిగతా మాటలు వస్తాయి.

వచ్చే ఫిబ్రవరికి ఎక్కడికి అన్నది ఇంకా తేలలేదు. ఒకరు మెదక్ అంటున్నారు, ఒకరు మళ్ళీ సముద్రమే అంటున్నారు. ఎక్కడికైనా సరే, టికెట్లు మాత్రం ఒకరినొకరం అడిగిన తరువాతనే కొంటాం.