మెక్సికో వాళ్ల పిన్నీసు

వదినా, పొయ్యి మీద ఏమీ లేకపోతే ఓసారి గోడ దగ్గరికి రండి. ఎల్లుండి గ్రహణానికి కడుపుతో ఉన్న కోడల్ని గదిలోంచి కదలనివ్వనన్నారుగా, కత్తిపీట ముట్టనివ్వనన్నారుగా, ఆ సంగతే మాట్లాడదామని.

గ్రహణం వల్ల బిడ్డకు మొర్రి వస్తుందని మెక్సికోలోనూ నమ్ముతారు. ఆజ్‌టెక్కుల కాలం నాటి నమ్మకమది. చంద్రుణ్ణి ఎవరో కొరికినట్టు కనబడుతుంది కదా, ఆ కాటే బిడ్డ నోటికీ పడుతుందని వాళ్ల భయం. విరుగుడేమిటో తెలుసా? కడుపుతో ఉన్నామె లోపలి బట్టకు పిన్నీసు పెట్టుకుంటుంది. ఇనుము కాపాడుతుందట! మన దగ్గరేమో సూది, కత్తి, కత్తెర ఏదీ తాకకూడదు. అక్కడ కాపాడే ఇనుమే ఇక్కడ కీడు చేస్తుందా?

వాళ్ల మాట వింటే మీకు వెంటనే అనుమానాలొస్తాయి. పిన్నీసు పెట్టుకోని వాళ్లందరికీ మొర్రి పిల్లలే పుట్టారా? పెట్టుకున్నవాళ్లలో ఒక్కరికీ పుట్టలేదా? అవే ప్రశ్నలు మన ఆచారాన్నీ అడగాలి వదినా, దాన్ని పరాయివాళ్ల నోట విన్నట్టే విని. అమ్మమ్మ ప్రేమతో చెప్పిన మాటను పరీక్షించడానికి మనసొప్పదు, నిజమే. అయినా అడగాలి.

పై పెదవి కలిసేది గర్భం 4 నుంచి 7 వారాల మధ్య. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. మీ కోడలికి ఏడో నెల. కలవాల్సిన పెదవి ఎప్పుడో కలిసిపోయింది. ఇప్పుడు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా కూర్చోబెడితే నీరసించేది ఆ పిల్లే.

అలాగని పెద్దల మాటలన్నీ కొట్టిపారేయను. సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూస్తే చూపు దెబ్బతింటుంది. కడుపుతో ఉన్నా లేకున్నా ఆ జాగ్రత్త పడాల్సిందే.

తన అభిప్రాయానికి ఎదురొచ్చే సంగతి ఏది కనబడినా అప్పటికప్పుడు రాసి పెట్టుకునేవాణ్ణని చార్లెస్ డార్విన్ ఆత్మకథలో చెప్పుకున్నాడు. అనుకూలమైన వాటికంటే వాటినే త్వరగా మరచిపోతామని ఆయన గమనించాడు. మనమూ అంతేగా? గ్రహణం వేళ పొలంలో పనిచేసి, పండంటి బిడ్డను కన్నవాళ్లు మనకు గుర్తుండరు. మొర్రి ఉన్న బిడ్డ కనబడితే మాత్రం, “గ్రహణం పూట ఏం కోశావమ్మా?” అని తల్లిని నిలదీస్తాం. నేను భరించలేనిది ఆ ప్రశ్నే. జన్యువులు, పొగాకు, కొన్ని రకాల మందులు, ఇలా కారణాలు ఎన్నో. చాలాసార్లు ఫలానా అని తేలనే తేలదు. బిడ్డకు నెలల వయసులోనే ఆపరేషన్ చేసి పెదవి సరిచేస్తారు. ఆ ధైర్యం చెప్పాల్సింది పోయి, పచ్చి బాలింతను కత్తిపీట గురించి అడుగుతున్నాం వదినా.