సుపీరియర్ చుట్టూ ప్రదక్షిణ

సెప్టెంబరులో టెంటు వేసుకుని సుపీరియర్ సరస్సు చుట్టి రావాలని ప్లాన్ వేస్తున్నాం. మొత్తం దాదాపు 2,100 కిలోమీటర్లు. అమెరికాలోని డులూత్‌లో బయల్దేరి ఉత్తరపు ఒడ్డు పట్టుకుంటే సరస్సు ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటుంది, గుడిలో ప్రదక్షిణ చేసినట్టే. అమెరికా, కెనడా రెండింటిలోనూ కుడివైపు డ్రైవింగ్ కాబట్టి ఎక్కడ నచ్చితే అక్కడ రోడ్డు దాటకుండానే ఒడ్డుకు దిగొచ్చు.

నా మనసంతా కెనడా వైపున్న అగావా రాక్ మీదే ఉంది. నీళ్ళలోకి నిటారుగా దిగిన కొండరాతి మీద ఒజిబ్వే ప్రజలు ఎర్రజేగురుతో గీసిన బొమ్మలు: పడవలు, కొమ్ములున్న నీటి దేవర మిషిపెషు. అలలు లేనిరోజే ఆ రాతి అంచు మీద నడవాలి. అందుకే ఆ దగ్గర్లో ఒక రాత్రి కాదు, రెండు రాత్రులు ఉంచాను.

జూన్‌లో నల్ల ఈగలు నిలవనివ్వవు, సెప్టెంబరే మేలు. కట్టెలు మాత్రం ఇంటినుంచి మోసుకెళ్ళకండి, వాటితో చెట్లను తినే పురుగులు కొత్త అడవికి చేరతాయి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు కెనడా వీసా సంగతి ముందే చూసుకోండి.

ఆ దారిలో క్యాంపింగ్ చేసినవాళ్ళుంటే ఒడ్డుకు దగ్గరగా ఉండే సైట్లేవో చెప్పండి.