బాదం చెట్టు కింది జనం

నాటి పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీ విజయపురంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, సమీపంలోని ఒక చిన్న పడవల రేవు వద్ద ప్రయాణికుల కోసం షెడ్డుకు నమూనా గీశాను. ఇనుప స్తంభాలు, రేకుల కప్పు, మూడువైపులా ఇటుక గోడలు. వాన జల్లు లోపలికి రాకూడదన్నది నా ఉద్దేశం. పక్కనున్న బాదం చెట్టును తరువాత తొలగించాలని కూడా పటంలో గుర్తు పెట్టాను.

నిర్మాణం పూర్తయిన వారానికి వెళ్లి చూస్తే షెడ్డు ఖాళీగా ఉన్నది. జనమంతా చెట్టు కింద కూర్చున్నారు. వారిలో ఏనాడో శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన ఒక వృద్ధురాలు, చేపల తట్టతో.

"లోపల కూర్చోరాదా మామ్మా?" అని అడిగాను.

"ఆ రేకుల కింద కూకుంటే పెనం మీద అట్టులా ఏగిపోతాం బాబూ! సెట్టు కిందయితే గాలాడతాది" అన్నది.

నా చదువు ఆ ఒక్క మాటకు తలవంచింది. ఈ దీవులలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. గాలిలో తేమ అధికం కావడం వల్ల చెమట త్వరగా ఆరదు. కనుక నీడ ఒక్కటే చాలదు. ఒంటికి గాలి తగలాలి. నా గోడలు వానతోపాటు గాలినీ ఆపివేశాయి. ఎండకు కాలిన రేకు ఆ వేడిని తలలమీదికి దింపింది.

కొంతకాలానికి కార్ నికోబార్ వెళ్లాను. అక్కడి సంప్రదాయ గృహం బోర్లించిన గంపవలె, నేలకు మనిషెత్తున స్తంభాలపై నిలుస్తుంది. దట్టమైన గడ్డికప్పు ఎండ వేడిని అడ్డుకుంటుంది. కింది నుంచి గాలి లోపలికి వస్తుంది. గుండ్రని ఆకృతి పెనుగాలిని పక్కలకు మళ్లిస్తుంది. ఇంటి అడుగు నీడే పగటివేళ కూర్చునే చోటు. చూడగానే మా ఉత్తరాంధ్ర చుట్టిల్లు స్ఫురించింది. తాతగారి చుట్టిల్లును పడగొట్టినప్పుడు సంతోషించినవాణ్ణి నేను!

2004 డిసెంబరు 26 నాటి సునామీ కార్ నికోబార్ తీరగ్రామాలను తుడిచిపెట్టింది. ఆ కెరటం ముందు ఏ ఇల్లు నిలుస్తుంది? కాని తరువాత వేసిన రేకుల తాత్కాలిక వసతులలో పగటి వేడి చూసినప్పుడు నా షెడ్డే నాకు జ్ఞాపకం వచ్చింది.

తిరిగివచ్చి, తప్పు నాదేనని ఒప్పుకుంటూ పై అధికారికి లేఖ రాశాను. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి రెండు రాత్రులు పట్టింది. అనుమతి లభించాక గోడలను నడుమెత్తుకు తగ్గించి, చూరును ముందుకు సాగదీసి, వేడిగాలి పోవడానికి కప్పు శిఖరాన సందు విడిచి, రేకు కింద వెదురు తడకలు కట్టించాము. పటంలో చెట్టు మీది గుర్తును నా చేతితోనే చెరిపివేశాను.

ఒక వాన రోజున వెళితే షెడ్డు నిండా జనం. మామ్మ నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. ఎండ కాసిన రోజున మాత్రం ఆమె చెట్టు కిందనే కూర్చున్నది. నేనూ వెళ్లి ఆమె పక్కనే కూర్చున్నాను.