చిక్కదనం డబ్బాల్లోనే ఉంది

హోటల్లో క్రీమ్ ఆఫ్ వెజిటబుల్ సూప్ తాగి బావుందనుకున్నవాళ్ళు, దాన్ని ఇంట్లో చేసుకోవాలనుకోగానే క్రీమ్ ప్యాకెట్ కోసం దుకాణానికి బయల్దేరతారు. వాళ్ళను గుమ్మంలోనే ఆపి, వెనక్కి వంటింట్లోకి తీసుకెళ్ళి, అరల్లో వరసగా ఉన్న డబ్బాల మూతలు ఒక్కొక్కటీ తీసి చూపించాలనిపిస్తుంది నాకు. గుప్పెడు బియ్యం, మైసూరుపప్పు, శనగపిండి, రాగిపిండి, నాలుగు జీడిపప్పు పలుకులు, ఉల్లిపాయల బుట్ట అడుగున రెండు బంగాళాదుంపలు. అన్నీ లేకపోయినా వీటిలో మూడో నాలుగో ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. సూప్‌కి కావలసిన చిక్కదనమంతా వాటిలోనే ఉంది. బయటి నుంచి తేవలసింది ఏమీ లేదన్నది నా గట్టి నమ్మకం.

హోటళ్ళ పద్ధతి వేరు. వెన్న కరిగించి, అంతే బరువు మైదా అందులో పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే తెల్లటి సాస్ తయారవుతుంది. ఉడికించి రుబ్బిన కూరగాయల్లో దాన్ని కలిపి, పైన క్రీమ్ వేస్తారు. రుచికి లోటుండదు. కానీ మైదా, వెన్న, క్రీమ్ మూడూ ఒక్కటై కేరట్ తీపినీ సొరకాయ కమ్మదనాన్నీ కప్పేస్తాయి. ఏ కూరగాయ వేసినా సూప్ ఒకే రుచిగా అనిపించడానికి కారణం అదే. పైగా అంత బరువైనది తాగాక భోజనం మీదికి మనసు పోదు.

ఆ సాస్ ఫ్రెంచి వంటది. అయితే ఫ్రాన్సులోనూ సామాన్యుల ఇళ్ళలో సూప్‌ని చిక్కబరిచినవి రొట్టె ముక్కలు, దుంపలు, గింజలే. క్రెసీ అని పిలిచే వాళ్ళ కేరట్ సూప్‌లో చిక్కదనం కోసం బియ్యం వేస్తారు. బంగాళాదుంప సూప్‌కైతే పార్మాంతియే అని ఒక మనిషి పేరే పెట్టుకున్నారు. ఆయన ఫ్రెంచి సైన్యంలో మందులు తయారుచేసే ఉద్యోగి. 1756లో మొదలైన ఏడేళ్ళ యుద్ధంలో ప్రష్యా సైన్యానికి బందీగా చిక్కి, అక్కడ పెట్టిన బంగాళాదుంపలు తిని బతికాడు. అప్పటికి ఫ్రాన్సులో ఆ దుంప పశువుల మేత. తిరిగొచ్చాక, అది మనుషులు తినదగ్గదేనని జనాన్ని ఒప్పించడానికి ఆయన ఏళ్ళ తరబడి పాటుపడ్డాడు. 1772లో పారిస్ వైద్య పండితులు సరేనన్నారు. కరువు రోజుల్లో కడుపు నింపడానికి ముందుకు తెచ్చిన దుంప, పోను పోను పెద్ద హోటళ్ళ పట్టికల్లోకి ఎక్కింది.

ఎక్కించినవాళ్ళలో లూయీ డియా ఒకడు. న్యూయార్కులోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో ప్రధాన వంటవాడు. చిన్నప్పుడు ఫ్రాన్సులో వాళ్ళమ్మ ఉల్లి జాతికి చెందిన లీక్ కాడలూ బంగాళాదుంపలూ వేసి సూప్ కాచేది. ఎండాకాలంలో ఆ పిల్లలు వేడి సూప్‌లో చల్లటి పాలు పోసుకుని తాగేవాళ్ళట. ఆ రుచి గుర్తుపెట్టుకుని, 1917 ప్రాంతంలో క్రీమ్ కలిపి చల్లగా వడ్డించే విషిస్వాజ్ అనే సూప్ తయారుచేశాడు. అది లోకమంతా పేరు తెచ్చుకుంది. ఈ కథలో నాకు నచ్చేది మొదటి సగం. క్రీమ్ హోటలుకు వచ్చాక చేరింది. ఆ తల్లి వంటింట్లో చిక్కదనం దుంపదే, చల్లదనం ఇంట్లో ఉన్న పాలదే.

మన మజ్జిగ పులుసు కూడా ఈ విద్యే. నానబెట్టిన శనగపప్పు, కొంచెం బియ్యం, అల్లం, పచ్చిమిర్చి మెత్తగా రుబ్బి మజ్జిగలో కలుపుతాం. ఉడికిన సొరకాయ ముక్కలో బెండకాయ ముక్కలో వేసి, సన్నని సెగ మీద కలుపుతూ కాస్తాం. ఆ ముద్ద వేయకపోతే మజ్జిగ విరిగి నీళ్ళు ఒకవైపు, తరకలు ఒకవైపు అయిపోతుంది. పప్పులోని పిండి ఉబ్బి, పెరుగు రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా అడ్డుపడుతుంది. పులుసుకి చిక్కదనమూ దానివల్లే వస్తుంది. ఉలవచారు తీరు ఇంకొకటి. ఉలవలు ఉడికిన నీళ్ళను మరిగించి మరిగించి చిక్కబరుస్తారు. మీగడో వెన్నో విస్తట్లో చివర వేసుకునేది. మీగడకి తగిన చోటు అదే. చారుని నిలబెట్టే పని దానిది కాదు.

గింజ చిక్కబరిచే తీరు తెలిస్తే చెయ్యి తడబడదు. బియ్యంలోనూ పప్పులోనూ దుంపలోనూ పిండి చిన్నచిన్న రేణువులుగా ఉంటుంది. నీళ్ళ వేడి 60 డిగ్రీలు దాటాక ఆ రేణువులు నీటిని పీల్చి ఉబ్బడం మొదలుపెడతాయి. కొంతసేపటికి పగిలి, లోపలిదంతా నీళ్ళలో కలుస్తుంది. పొడిపిండిని మరిగే నీళ్ళలో నేరుగా వేస్తే పైపొర ఒక్కసారిగా ఉడికిపోయి, లోపలికి నీరు పోనివ్వదు. అందుకే ఉండలు కడుతుంది. రాగిజావ కాచేవాళ్ళు పిండిని ముందు చన్నీళ్ళలో కలిపి పోసేది ఇందుకే. కార్న్‌ఫ్లోర్ అయినా శనగపిండి అయినా ఇదే పద్ధతి.

ఇక నలుగురికి సరిపడే సూప్. రెండు కేరట్లు, జానెడు సొరకాయ ముక్క, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. డబ్బాల్లోంచి రెండు పెద్ద చెంచాల బియ్యం, మూడు పెద్ద చెంచాల మైసూరుపప్పు. కుక్కర్‌లో చెంచాడు నెయ్యి వేసి, ఉల్లి, వెల్లుల్లి సన్నని సెగ మీద మగ్గనివ్వాలి. రంగు మారనక్కర్లేదు. ముక్కలు అద్దంలా మెరిసి, ఘాటు పోయి తీపి వాసన రావాలి. తరవాత కేరట్ ముక్కలు వేసి నెయ్యి అంతటా అంటేలా కలపాలి. కేరట్ రంగూ దాని పోషకమూ కొవ్వులో కరిగేవి. నెయ్యిలో ఒక నిమిషం వేగితే కుక్కర్ అడుగంతా నారింజ రంగు తేలుతుంది. అప్పుడు సొరకాయ, కడిగిన బియ్యం, పప్పు, లీటరు నీళ్ళు, చిటికెడు పసుపు. నాలుగు కూతలు రానిచ్చి, ఆవిరి దానంతటదే దిగేదాకా మూత జోలికి పోకూడదు.

మూత తీసి చూస్తే మైసూరుపప్పు ఆనవాలు ఉండదు. బియ్యం గింజలు మాత్రం రెండు కొసలా విచ్చుకుని కనిపిస్తాయి. ఒక గింజ వేళ్ళ మధ్య నలిపితే పలుకు తగలకూడదు. తగిలితే మరో రెండు కూతలు. వేడివేడిది మిక్సీలో పోస్తే ఆవిరి మూతను ఎగదన్నుతుంది కాబట్టి, బాగా చల్లారనిచ్చి, జారులో సగానికి మించకుండా పోసి తిప్పాలి. కరెంటు లేకపోతే పప్పుగుత్తితో మెదిపి, చిల్లుల జల్లెడలో గరిటెతో రుద్దితే చాలు. తిరిగి పొయ్యి మీద పెట్టి ఉప్పు వేసి, తెర్లనివ్వాలి. గరిటె ముంచి తీసి, దాని వెనకవైపు వేలితో గీత గీయండి. గీత నిలిస్తే చిక్కదనం కుదిరింది. సూప్ కిందికి కారి గీత చెరిగిపోతే ఇంకాసేపు మరగాలి. గరిటెకి ముద్దలా పట్టుకుంటే వేడినీళ్ళు పోయాలి. చల్లారే కొద్దీ మరింత చిక్కబడుతుందని గుర్తుంచుకుని, కొంచెం జారుగానే దించాలి.

గింజల్లో ఒక్కోదానిది ఒక్కో గుణం. బియ్యానికి తనదంటూ పెద్ద రుచి లేదు, కూరగాయను ముందుకు రానిస్తుంది. పప్పు రుచిని లోతుగా చేస్తుంది, కడుపు నిండుతుంది. బంగాళాదుంప నునుపునిస్తుంది గానీ మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే జిగురు కడుతుంది, దాన్ని చేత్తో మెదపడమే మేలు. అంబలి అలవాటున్న ఇళ్ళలో రాగిపిండి ఉంటుంది. ఆకుకూర సూప్‌కి ఆ మట్టి రంగు, ఆ కమ్మదనం బాగా నప్పుతాయి. పండగలాంటి రోజున, చుట్టాలొచ్చిన రోజున పది పన్నెండు జీడిపప్పులు వేడినీళ్ళలో నానబెట్టి మెత్తగా రుబ్బి కలపండి. జీడిపప్పులో దాదాపు సగం కొవ్వే. అందుకే దాని పాలు అచ్చం మీగడ చేసే పని చేస్తాయి. పలాస జీడిపప్పు పండే నేల మనది. క్రీమ్ లేదని వెలితి పడవలసిన అవసరమే లేదు.

పాలు పోయాలనుంటే ఆఖరున, సెగ తగ్గించాక, కాచిన పాలు ఒక గ్లాసు. టమాటా వేసిన సూప్‌లో పాలు పోయకండి, పులుపుకి విరుగుతాయి. నిమ్మరసం పిండుకునేవాళ్ళు పాలు లేని సూప్‌లోనే పిండుకోవాలి. మిరియాలు, జీలకర్ర అప్పటికప్పుడు దంచి చల్లితే ఘుమఘుమ వేరు. పైన రొట్టె ముక్కలకు బదులు, నేతిలో కరకరలాడేలా వేయించిన మరమరాలు గుప్పెడు వేసి చూడండి. రాయలసీమవాళ్ళు బొరుగులంటారు. మెత్తటి సూప్‌లో అవి పంటికి తగులుతుంటే పిల్లలు రెండో గిన్నె అడుగుతారు.

నాకు ఈ సూప్ మీద ఇంత ప్రేమ రుచి ఒక్కదానివల్లే కలగలేదు. ఇప్పుడు ఒక్కో ఇంట్లో నలుగురికి నాలుగు రకాలు వండుతున్నారు. ఒకరికి కారం పడదు, ఒకరు నూనె మానేశారు, పెద్దవాళ్ళు నమల్లేరు, పిల్లలు కూర ముక్క కనిపిస్తే పక్కకు నెడతారు. నమల్లేని పెద్దవాళ్ళకి విడిగా ఏదో మెత్తగా చేసి పెట్టినప్పుడు, తమ కోసం ఇంకొకరికి శ్రమ అవుతోందని వాళ్ళ మనసు చిన్నబుచ్చుకుంటుంది. ఈ సూప్ దగ్గర ఆ బాధ లేదు. పళ్ళున్నవాళ్ళూ లేనివాళ్ళూ, జ్వరం నుంచి లేచినవాళ్ళూ, ఆఫీసు నుంచి ఆకలితో వచ్చినవాళ్ళూ ఒకే గిన్నెలోంచి ఒకే గరిటెతో పోసుకోవచ్చు. మిరియాలు ఎవరికి కావలసినంత వాళ్ళు చల్లుకుంటారు, అంతే తేడా. అందుకే ఇది హోటల్లో డబ్బిచ్చి తాగే వంటగా మిగిలిపోకూడదు. పప్పుచారులాగా కొలతలు చూసుకోకుండా కాచుకునే వంటగా మన ఇళ్ళలో స్థిరపడాలి. బియ్యం డబ్బా మూత తీయడం తెలిసిన ప్రతివాళ్ళకీ అది చేతనవుతుంది.