తీగ వంచే చేయి

సూరత్‌లోని డిండోలి వెళ్ళి రాయమన్నప్పుడు మా ఎడిటర్ గారి మనసులో ఉన్నవి మగ్గాలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వలసపోయిన పద్మశాలీలు సూరత్ పవర్‌లూమ్‌ల మీద బతుకుతున్న సంగతీ, అక్కడి నగరపాలిక తెలుగు బడులు నడిపే సంగతీ చాలామందికి తెలుసు. నేను మాత్రం ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక గదిలోనే ఉండిపోయాను. పళ్ళ వరస సరిచేసే ప్లేట్లు అక్కడ ఓ తెలుగు కుర్రాడు తయారుచేస్తాడు.

ఎదురుగా పిల్లవాడి దవడ ప్లాస్టర్ అచ్చు. చేతిలో 0.7 మిల్లీమీటర్ల స్టీలు తీగ. పెన్సిలుతో తీగ మీద గీత పెట్టి, అక్కడ ప్లయరుతో పట్టుకుంటాడు. ఇక ప్లయరు కదలదు, బొటనవేలే తీగను నెడుతుంది. దవడపన్నును పట్టుకునే కొక్కేనికి రెండు వైపులా బాణం మొనల్లాంటి వంపులు రావాలి. ఒక వంపు కాగానే అచ్చుకు ఆనించి చూస్తాడు, తర్వాతి వంపుకు దిగుతాడు. ఆ వేలి ఒడుపు చూస్తుంటే లేవబుద్ధి కాలేదు.

"మొదట్ల వార్పింగుల చేసిన సార్. పోగు తెగకుంట పట్టుడు ఆడనే వచ్చింది. తీగె ఒక్కపారే వంచాలె. మళ్ళమళ్ళ వంచితే ఇరుగుతది" అన్నాడు.

ముందు గదిలోంచి ఓ తల్లి గొంతు వినిపించింది. "బడిల తూకమేసి బరువు తక్కువున్నదని చీటి ఇచ్చిండ్రు. నోరు తెరిచి సూసినోళ్ళు లేరు."

ఆమె ఇంటి దగ్గర చీరలకు లేసు కుడుతుంది. దారం కొరికి కొరికి ముందుపన్ను అంచున చిన్న గంటు పడింది. పక్కన పదమూడేళ్ళ కూతురు. కోరపన్నుకు చోటు చాలక చిగురులో పైకెక్కి కూర్చుంది. నేను పలకరిస్తే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బడిలో అందరితో కూర్చుని తినదట. సగం డబ్బా ఇంటికి తిరిగొస్తుందట.

బరువు చీటీకి ఈ మాట ఎలా తెలుస్తుంది? 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ళ పిల్లల్లో 24 శాతం మంది వయసుకు ఉండాల్సినదానికన్నా బక్కపలచనివాళ్ళు, 5 శాతం మంది అధిక బరువున్నవాళ్ళు. తూకం ఇంతవరకే చెబుతుంది, నోట్లో జరిగేది చెప్పదు. పుచ్చిన పాలదవడపన్నును వేళకు ముందే పీకేస్తే వెనకది ముందుకు జరుగుతుంది, కింద ఎదిగే పన్నుకు దారి మూసుకుపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లలకు శాశ్వత దంతాలు కొంచెం ముందే వస్తాయని చాలా పరిశోధనల్లో తేలింది, అంటే వాళ్ళ నోరు ఇంకా ముందే చూడాలి. క్లిప్పులు బిగించిన మొదటి రోజుల్లో నమలాలంటే నొప్పి. అసలే బక్కపలచని పిల్ల ఆ రోజుల్లో ఏం తినాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా! పళ్ళు వంకరైతే మనిషి చిక్కిపోతుందని నేను అనడం లేదు. సిగ్గుతో తిండి మానుకునే పిల్లకు పళ్ళూ బరువూ వేరువేరు బాధలు కావని అంటున్నాను.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ళ లోపు పిల్లల ఆరోగ్య పరీక్షల కోసమే, దాని జాబితాలో దంత సమస్యలూ ఉన్నాయి. టొరంటో పరిశోధకులు 2002లో 11-14 ఏళ్ళ పిల్లల కోసం ఓ ప్రశ్నావళి తయారుచేశారు. నోటి బాధ వల్ల గత మూడు నెలల్లో నవ్వడం మానుకున్నావా, తోటివాళ్ళు వెక్కిరించారా అని పిల్లనే అడుగుతారు. మన బడుల్లో తూకం వేసేటప్పుడు ఇలాంటి ఒక్క ప్రశ్న వేయడానికి ఏం ఖర్చవుతుంది?

ఆ కుర్రాడి పని చూస్తే, ఈ చేతిపని కనుమరుగవుతుందేమోనని నాకు ఇంకో దిగులు. స్కానరూ కంప్యూటరూ కలిసి అచ్చేసే పారదర్శక తొడుగులు వచ్చేశాయి. డబ్బున్నవాళ్ళకు అవి మంచివే. కానీ కొంచెం ఒరిగిన పన్నును వేళకు నెట్టడానికి ఈ చేతి ప్లేటు చాలు, తక్కువలో అయిపోతుంది. ఆ వేళ దాటిపోయాకే పేదింటి పిల్లలు డాక్టరు దగ్గరికి వస్తున్నారు.

ఈ పిల్లకూ ప్లేటు చాలదనీ, క్లిప్పులే వేయాలనీ డాక్టరు చెప్పాడు. తల్లి ధర విని, నెలనెలా కొంత కడతానంది. పనికి అదనంగా ఎన్ని చీరలు తెచ్చుకోవాలో కూతురితో అక్కడే లెక్క వేయడం మొదలుపెట్టింది.