తమ్మిలేరు గట్టున ఎరువు కుప్పలు

తమ్మిలేరు వానాధారపు ఏరు. ఖమ్మం జిల్లా కొండల్లో పుట్టి, చింతలపూడి మెట్టల మీదుగా ఏలూరు చేరి, కొల్లేరులో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపిస్తుంది. ఆ ఇసుకను చూసే, గట్టున పెంట పోసుకుంటే ఏమవుతుందిలే అనుకుంటారు.

నాగిరెడ్డిగూడెం జలాశయం దాటి కిందికి వస్తే మామిడి, పామాయిల్ తోటలు, మొక్కజొన్న చేలు. ఎండాకాలంలో ఎరువు తోలతారు. పశువుల పెంట, ఫారాల్లోంచి వరిపొట్టుతో కలిసి వచ్చే కోళ్ల పెంట. చల్లే తీరిక దొరికేదాకా ట్రాక్టరు దించిన చోటే పోగు పడి ఉంటుంది. తొలకరి దాని మీదే పడుతుంది.

కుప్ప అడుగు నుంచి కషాయంలా కారే ఆ నీటిని చూసి భయపడాలి. ఎండలకు వేడెక్కిన మంచినీటిలో ప్రాణవాయువు లీటరుకు 8 మిల్లీగ్రాములకు మించి నిలవదు. పెంటను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దాన్నంతా వాడేసుకుంటాయి. అమ్మోనియా చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది. నిండు వరదలో ఇదంతా పలచబడిపోతుంది. తొలకరినాటికి మడుగుల్లో మోకాలి లోతు నీళ్లే కాబట్టి చేపలు తట్టుకోలేవు. పశువుల మేతకు పాతరేసిన మొక్కజొన్న గడ్డి నుంచి దిగే ఊట ఇంకా ఘాటు. ఇళ్ల మురుగుతో పోలిస్తే అది వంద రెట్లకు పైగా ప్రాణవాయువును లాగేయగలదు.

ఆపడం కష్టమేమీ కాదు. కుప్పను మెరక మీద, గట్టి బంకనేల మీద వేయాలి. ఎగువ వాన నీరు దాన్ని తాకకుండా చుట్టూ చిన్న కాలువ తీయాలి. పైన టార్పాలిన్ కప్పి, అంచుల్ని మట్టితో అదమాలి. అయినా ఊట దిగితే పల్లంలో గుంట తవ్వి పట్టి, చేనుకే పోసుకోవచ్చు; అదీ ఎరువే. ఏటికీ కుప్పకూ మధ్య గడ్డిపట్టీని దున్నకుండా వదలాలి. ఇంగ్లండులో పొలంలో వేసే పెంటపోగు వాగుకు కనీసం 10 మీటర్లు, బావికి 50 మీటర్లు ఎడంగా ఉండాలని నియమం. మన మెట్టల్లో వాన ఒక్కసారిగా కుమ్మరిస్తుంది కనుక, నా మటుకు 10 మీటర్లు చాలవనిపిస్తుంది.

ఏలూరు దగ్గర ఏరు రెండు పాయలుగా చీలుతుంది. ఊరి మురుగు తోడై, అంతా కొల్లేరులోకి దిగుతుంది. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సుకు సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎన్నో వాగులు తెచ్చే పోషకాలు ఇక్కడ చేరి, గుర్రపుడెక్కను ఏపుగా పెంచుతున్నాయి. దాన్ని తీయించడానికి ఎంత ఖర్చు పెట్టినా, ఎగువ నుంచి నత్రజని దిగుతున్నంత కాలం అది మళ్లీ మొలుస్తూనే ఉంటుంది. ఆ నత్రజనిలో కొంత, చింతలపూడి రైతు మొక్కజొన్న కోసం డబ్బు పెట్టి తోలించుకున్నదే.