గాలి తగ్గితేనే పడవ

వదినా, పొయ్యి కట్టేసి ఇలా గోడ దగ్గరికి రా. ఆ స్వెట్టర్ ఎక్కడిదని అడిగావుగా నిన్న, చూపిస్తాను.

మా అబ్బాయి అబర్డీన్‌లో ఉన్నాడుగా, వాడు తీసుకెళ్లాడు. ఫెయిర్ ఐల్ అని స్కాట్లాండు పైన, ఆర్కినీకీ షెట్లాండుకీ మధ్య ఒంటరి దీవి. పొడవు మూడు మైళ్లు, వెడల్పు మైలున్నర. జనం అరవై మందికి మించరు. మన ఎదురు అపార్ట్‌మెంటులోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు! రాత్రంతా ఓడలో షెట్లాండులోని లెర్విక్ వెళ్లి, అక్కడి నుంచి గ్రట్‌నెస్ రేవుకి చేరి ‘గుడ్ షెపర్డ్’ అనే పడవ ఎక్కాం. పన్నెండు మందికి మించి ఎక్కనివ్వరు. రెండున్నర గంటల ప్రయాణం, నా కడుపంతా తిప్పేసింది.

తిరిగొచ్చే రోజు గాలి ఎక్కువై పడవ కదల్లేదు. రెండు రోజులు ఉండిపోయాం. ఆ ఊరు నాకు తెలిసిందంటే ఆ రెండు రోజుల్లోనే. ఒక పెద్దావిడ మమ్మల్ని ఇంటికి పిలిచి టీ ఇచ్చి, అల్లడం మొదలెట్టింది. నడుముకి తోలు పటకా, దానికి చిన్న దిండు, దాని నిండా చిల్లులు. లోపల గుర్రపు వెంట్రుకలు కూరారట. ఊచ కొనని చిల్లులో గుచ్చి నిలబెడితే కుడి చేతికి బరువే ఉండదు. వేళ్లు ఎంత జోరుగా ఆడాయో! ఇదిగో, తిరగేసి చూడు. ఇన్ని రంగులున్నా ఏ వరసలోనైనా రెండే. వాడని పోగు వెనకాలే సాగుతుంది. అందుకే ఇంత వెచ్చన. 1588లో అక్కడ బద్దలైన స్పెయిన్ ఓడవాళ్లు నేర్పారని కథ చెబుతారు గానీ, నేను నమ్మను. ఆ చేతులు చూశాక అసలు నమ్మను.

అక్కడ ఒక్కొక్కరికీ మూడు నాలుగు పనులు. గొర్రెలు కాసే మనిషే పడవ మీద కనబడతాడు, విమానం దిగే వేళకి ఫైర్ డ్యూటీలో ఉంటాడు. సాయంత్రం హాలులో ఫిడేలు మొదలైతే వచ్చినవాళ్లనీ చెయ్యి పట్టుకు లాగుతారు. నేనూ ఆడాను వదినా, చీరలోనే!

వచ్చినవాళ్లంటే వాళ్లకి అంత ఆదరం ఊరికే కాదు. సెయింట్ కిల్డా అనే ఇంకో దీవిలో మిగిలిన 36 మందీ 1930లో ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఫెయిర్ ఐల్‌లోనూ ఆ భయం ఉండేది. జార్జ్ వాటర్‌స్టన్ అని పక్షుల మీద ప్రాణం పెట్టుకున్నాయన, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి బందీగా ఉన్నప్పుడే ఇక్కడ పక్షులు చూసే కేంద్రం పెట్టాలని అనుకున్నాడట. 1948లో పెట్టాడు. పక్షుల కోసం వచ్చేవాళ్లతో ఊళ్లో నాలుగు రాళ్లు, నలుగురి మాట. 1954లో దీవిని స్కాట్లాండు నేషనల్ ట్రస్టుకి అప్పజెప్పాడు. రాత్రంతా కరెంటు వచ్చింది మాత్రం 2018లోనే.

మీ అమ్మాయీ అల్లుడూ వేసవికి అటు వెళ్తామన్నారుగా. పొద్దున దిగి సాయంత్రానికి తిరిగొచ్చేలా వద్దని చెప్పు. నాలుగు రాత్రులు ఉండమను. తిరుగు టిక్కెట్టుకి రెండు రోజులు ఎడం పెట్టుకోమను. స్వెట్టర్ కొంటే అల్లినవాళ్ల చేతి నుంచే కొనమను.